కనుమ దాటకముందే

సెప్టెంబరు 2

అమ్మాయ్,

చేరగానే రాయమన్నావు. చేరి రెండు రోజులైంది. వేళ్లు పెన్ను పట్టుకునేంత వెచ్చబడింది ఇవాళే, తిట్టుకోకు.

మేం ఐదుగురం యాత్రికులం. ఒక గైడు, ఒక డ్రైవరు, ఒక పెద్ద జీపు. పద్దెనిమిది రోజుల్లో మూడు కొండదేశాలు చూపిస్తారు. గైడు పాతికేళ్ల పిల్ల. పిట్ట కూత వినబడితే చాలు, మాట మధ్యలో ఆపేసి చెయ్యి పైకెత్తుతుంది. మేమంతా బడిపిల్లల్లా నోళ్లు మూసుకుంటాం. నేను పిట్టమ్మ అని పేరు పెట్టాను, అందరూ అందుకున్నారు. మొక్కల పాఠం చెప్పి రిటైరైన లెక్చరరమ్మ ఒకావిడ ఉంది, పువ్వు కనబడితే జీపు ఆపిస్తుంది. కెమెరా ఆయన ఒకడున్నాడు. ఆయనకి మంచుచిరుత తప్ప లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. పదకొండేళ్లుగా దాని వెంట తిరుగుతున్నాడట, ఒక్కసారీ కనబడలేదు. మిగిలిన ఇద్దరూ బ్యాంకు ఉద్యోగాలు చేసిన మొగుడూ పెళ్లాలు. కిటికీ పక్క సీటు కోసం రోజూ పొద్దున్నే అలుగుతారు.

ఇవాళ తివాచీలు నేసే ఇంటికి తీసుకెళ్లారు. మగ్గం ముందు కూర్చున్నావిడ మా వంక చూస్తూ, మాతో కబుర్లు చెబుతూనే ముడులు వేస్తోంది. "చూడకుండా ఎలా వేస్తారమ్మా?" అంటే, "చూస్తే తప్పుతాను" అంది. అవతలి కొండ నిట్టనిలువు రాయి మీద కొండమేకలు నిలబడి ఉన్నాయి. గోడకి మేకులు కొట్టి తగిలించినట్టున్నాయి.

ఇక్కణ్నించి పైకి ఫోన్లు లేవు. ఉత్తరాలు టూరు ఆఫీసులో ఇస్తే వాళ్ల సంచిలో విమానంలో వస్తాయి, సామాన్ల జీపు మాకు చేరుస్తుంది. పదకొండో తేదీన పెద్ద కనుమ దాటి రెండో దేశంలోకి దిగుతాం. దిగుతాం అనడమే గానీ అవతల పెద్దగా దిగుడు లేదు. కనుమ నాలుగువేల ఏడొందల మీటర్లు, అవతలి పీఠభూమి నాలుగువేల మూడొందలు. మ్యాపు మీద లెక్క చూసుకున్నాను. సర్వే ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు.

ఒక్క మాట. మావాణ్ణి ఆ పదహారంతస్తుల కొత్త బిల్డింగు పనికి వెళ్లనివ్వకు. ఏదో ఒకటి చెప్పి ఆపు. ఎందుకని అడక్కు, ముసలాడి చాదస్తం అనుకో.

మామయ్య


సెప్టెంబరు 6

మామయ్యగారికి,

మీ ఉత్తరం నిన్న అందింది. సంతోషంగా చదివాను. ఇవాళైతే అంత సంతోషంగా చదవగలిగేదాన్ని కాదు.

వంటింటి కుళాయి పైపు పగిలింది. ప్లంబరు వచ్చి, "లైను ఎటు పోయిందో ప్లాను ఉందామ్మా?" అని అడిగాడు. మీరు గీసిపెట్టింది ఉంటుందని మీ బీరువా తీశాను. తీసినందుకు క్షమించమని అడగను.

టూరు కాగితాల కవరులో గుండె పరీక్ష రిపోర్టు ఉంది. రెండో పేజీ ఒక్కటే ఉంది. పేరున్న మొదటి పేజీ చింపేస్తే నాకు తెలియదనుకున్నారా? కింద తేదీ ఆగస్టు పంతొమ్మిది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం మీరు ఆస్పత్రికి వెళ్లింది ఆ వారమే. గుండె పంపింగ్ ముప్పై రెండు శాతం. మెట్లు ఎక్కరాదు, బరువులు ఎత్తరాదు, ఎత్తైన ప్రదేశాలకు వెళ్లరాదు. ఆ మూడో మాట కింద డాక్టరు పెన్నుతో గీత కూడా గీశాడు.

నేను పద్నాలుగేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో నిలబడుతున్నదాన్ని. ముప్పై రెండు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది జేబులో పెట్టుకుని మీరు కొండలెక్కడానికి వెళ్లారు! ఆ సర్టిఫికెట్ ఎవరి చేత రాయించుకున్నారో గానీ, వాళ్లు నాకు కనబడితే బాగుండు.

కనుమ దాటకండి. ఈ ఉత్తరం చేతికి అందిన రోజే ఆ గైడమ్మాయికి నిజం చెప్పి కిందికి దిగిపోండి. మీరు సిగ్గుపడితే ఇదే ఉత్తరం ఆమెకి చూపించండి.

మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. కంగారు మనిషి కదా. పైగా ఈ మధ్య ఆయనకే ఓపిక ఉండటం లేదు. మూడంతస్తులు ఎక్కి వచ్చేసరికి తలుపు దగ్గరే స్టూలు మీద కూలబడుతున్నారు. ఊరందరికీ లిఫ్టులు బాగుచేసే మనిషికి మన బిల్డింగులో లిఫ్టు లేకపోవడం చూడండి. పొట్ట తగ్గించండి అంటే నవ్వి ఊరుకుంటారు. ఆ పదహారంతస్తుల పని నిన్నే మొదలైంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

వెంటనే రాయండి.

మీ కోడలు


సెప్టెంబరు 6

అమ్మాయ్,

నీ నుంచి ఇంకా ఉత్తరం లేదు. సామాన్ల జీపు ఎల్లుండి గానీ రాదట. ఈలోపు ఊరుకోలేక రాస్తున్నాను.

కనుమకి దగ్గర్లో, బాగా ఎత్తున ఉన్న ఆఖరి ఊరు చేరాం. గాలి పలచబడింది. నిన్న పాతకోట మెట్లు ఎక్కుతుంటే సగంలో ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయాను. తల దిమ్ముగా ఉంది, రాత్రి నిద్ర లేదు. అందరికీ అంతేనట. బ్యాంకాయన వాంతి కూడా చేసుకున్నాడు. పిట్టమ్మ రోజూ పొద్దున్న అందరి వేళ్లకీ ప్రాణవాయువు కొలిచే క్లిప్పు పెట్టి అంకె రాసుకుంటుంది. నాది చూసి "ముసలివాళ్లలో మీరే నయం" అంది. ముసలివాళ్లలో అనడం అవసరమా, చెప్పు?

గడ్డపు రాబందు ఒకటి మా నెత్తి మీదుగా వెళ్లింది. ఎముకని అంత ఎత్తు నుంచి రాయి మీదికి వదిలి, పగిలాక దిగి తింటుందట. లెక్చరరమ్మ ఇంతలేసి కళ్లు చేసుకుని చూసింది.

వాడు ఎలా ఉన్నాడు? ఆ బిల్డింగు సంగతి ఏం చేశావు? జవాబులో ముందు అదే రాయి.

మామయ్య


సెప్టెంబరు 10

మామయ్యగారికి,

మీ ఆరో తేదీ ఉత్తరం నిన్న చేరింది. నా ఆరో తేదీ ఉత్తరం మీకు చేరిందో లేదో తెలియదు. ఊపిరి అందక గోడ పట్టుకున్నానని మీరు నవ్వులాటగా రాశారు. నేను డ్యూటీలో చదివాను. చేతిలో ట్రే కింద పెట్టి మళ్లీ చదివాను.

టూరు ఆఫీసుకి వెళ్లాను. మిమ్మల్ని వెనక్కి పిలిపించమన్నాను. కౌంటరులో కూర్చున్నాయన రిజిస్టరు తిప్పి, "మేడమ్, ఆయన ఫిట్ అని మా దగ్గర కాగితం ఉంది. ఆయనంతట ఆయన దిగుతానంటే తప్ప మేం దింపలేం. లేదా ఇంటి మనిషి ఎవరైనా వెళ్లి తీసుకురావాలి" అన్నాడు.

నాకు సెలవు దొరకలేదు. అందుకని మీ అబ్బాయిని పంపించాను.

రిపోర్టు సంగతి చెప్పలేదు. మీరు ఆయన దగ్గర దాచారంటే ఏదో కారణం ఉంటుందని, అది మీరే చెప్పుకోవాలని అనుకున్నాను. మీకు కొండ ఎత్తు పడలేదని, మంచం మీద ఉన్నారని, మనిషి వస్తే గానీ దింపరట అని చెప్పాను. మంచం మీద ఉన్నారన్నది నేను కల్పించిందే. మామూలుగా చెబితే, 'రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే' అంటారని భయం.

వినగానే మొహం పాలిపోయింది. "ఎంత ఎత్తులో ఉన్నారు?" అని అడిగారు. చెప్పాను. కిటికీ దగ్గర అరగంట అలాగే నిలబడ్డారు. "వేరే ఎవరైనా వెళ్లడానికి వీలవుతుందేమో" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మీ నాన్న కోసం మీరు కాకపోతే ఎవరు వెళతారు?" అన్నాను. సంచీ నేనే సర్దాను, పక్కన నిలబడి చూశారు. గుమ్మం దాటేముందు నా తల మీద చెయ్యి వేసి వెళ్లారు. ఎప్పుడూ అలా చెయ్యరు.

పన్నెండో తేదీ సాయంత్రానికి కనుమ కింద పెద్ద ఊరికి చేరతారు. పదమూడున అనుమతి కాగితం తీసుకుని, పద్నాలుగు పొద్దున్న ఆరింటి బస్సులో కనుమ దాటి మీ దగ్గరికి వస్తారు. ఆయన వచ్చేదాకా మంచం దిగకండి. మీ చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

మీ కోడలు


సెప్టెంబరు 10

అమ్మా,

నీ ఆరో తేదీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నువ్వు నా మీద కోప్పడ్డావు. కోప్పడు, పడతాను.

నా ఒంట్లో ఏ రోగమూ లేదు. సర్టిఫికెట్ దొంగది కాదు. ఆ కాగితం సంగతి నేను వచ్చి ఎదురుగా కూర్చుని చెబుతాను. ఇప్పుడు రాయలేను. నా నోరు ఒక మాటకి కట్టుబడి ఉంది. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను, పిట్టమ్మ కాగితాలన్నీ అయిపోయాయి.

ఆ కాగితం వాడికి చూపించకు. దొరికిందని కూడా చెప్పకు. బిల్డింగు పని మాత్రం ఎలాగైనా మాన్పించు. కాలు బెణికిందని నువ్వు మంచమెక్కు, వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టు. ఏం చేసినా సరే, మెట్లు ఎక్కనివ్వకు.

రేపు కనుమ దాటుతున్నాం. అవతల నాలుగు రోజులు ఉండి, మూడో దేశం మానేసి వెనక్కి వచ్చేస్తాను. పిట్టమ్మకి చెప్పేశాను.

మామయ్య


సెప్టెంబరు 13

మామయ్యగారూ,

ఇది మీకు చేరేసరికి ఏమై ఉంటుందో తెలియదు. గబగబా రాస్తున్నాను, అర్థం చేసుకుని చదవండి.

మీ పదో తేదీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు, రోగులందరూ చెప్పేదే కదా అనుకున్నాను. నాకేం లేదు, నాకేం లేదు. తర్వాత ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. మెట్లు ఎక్కనివ్వకు అని ఎందుకు రాశారు? రోగం మీదైతే ఆయన్ని మెట్లు ఎక్కనివ్వకపోవడం ఏమిటి?

రిపోర్టు మళ్లీ తీశాను. నేను ముప్పై రెండు అన్న అంకె దగ్గరే ఆగిపోయినదాన్ని. అడుగున మందు మోతాదు పక్కన డాక్టరు పెన్నుతో బరువు రాశాడు. ఎనభై ఒక్క కిలోలు. మీరు యాభై ఆరు. నేనే తూచాను మిమ్మల్ని, మొన్న వేసవిలో.

ఆయన పనిముట్ల పెట్టె బోర్లించాను. మేకుల డబ్బాలో మేకుల కింద మాత్రల అట్ట ఉంది. సగం వాడినది. తీసుకెళ్లలేదు. ఎలా తీసుకెళతారు? నేను పక్కనే ఉండి సంచీ సర్దాను కదా.

కనుమ కింద ఊరికి ఫోన్ చేయించాను. వానలకి లైను పోయింది. టెలిగ్రాం ఇచ్చాను. రేపు పదింటికి గానీ బట్వాడా చెయ్యరట. బస్సు ఆరింటికే.

"వేరే ఎవరైనా వెళ్లడానికి వీలవుతుందేమో" అన్నారు ఆయన. నేనేమన్నానో మీకు రాశాను కదా.

ఆపండి మామయ్యా. ఎలాగైనా ఆపండి.


సెప్టెంబరు 15
ఆస్పత్రి, కనుమ కింద ఊరు

అమ్మా,

నిన్న సాయంత్రం కొట్టించిన టెలిగ్రాం అంది ఉంటుంది. వాడు బతికే ఉన్నాడు. నా ఎదురుగా నిద్రపోతున్నాడు. ముక్కుకి గొట్టం ఉంది, పెదాలకి రంగు వచ్చింది. పొద్దున్న విడిచిన చొక్కా ఎక్కడుందని నర్సుని వేధించాడు. ఇక నిదానంగా చదువు.

ముందు నా తప్పు చెప్పుకోనీ. ఆగస్టులో వాడు ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేరున్న పేజీ వాడే చింపేశాడు, నీకు దొరికినా ఎవరిదో తెలియకూడదని. నీకు ఎందుకు చెప్పడం లేదని వాణ్ణి అడిగాను. "తను రోజంతా రోగుల్ని చూసి వస్తుంది నాన్నా. ఇంట్లో కూడా రోగేనా? ఇక నా చెయ్యి పట్టుకుంటే నాడి చూడ్డానికే పట్టుకుంటుంది" అన్నాడు. నేను టూరు మానేస్తానన్నాను. "మానేస్తే తనకి అనుమానం వస్తుంది, వెళ్లు. నువ్వొచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. తండ్రినై ఉండి వాణ్ణి చెవి పట్టుకుని నీ ముందు నిలబెట్టాల్సింది.

పదమూడు మధ్యాహ్నం సామాన్ల జీపు నీ పదో తేదీ ఉత్తరం తెచ్చింది. అదే ఆ రోజు కనుమ దాటి వచ్చిన ఆఖరి బండి. వెనకే మంచు పడి దారి మూసేశారు. ఆ దారి ఒక్క బండి పట్టేంత వెడల్పే. పొద్దున్న అటు నుంచి ఇటు, మధ్యాహ్నం ఇటు నుంచి అటు వదులుతారు. అంటే వాడి బస్సు కనుమ దాటి వచ్చేదాకా నన్ను కదలనివ్వరు.

పిట్టమ్మకి ఉత్తరం ఇచ్చి, గుండె జబ్బు వాడిదని చెప్పాను. చదివి, కాసేపు బూటుతో నేల గీసింది. మా దగ్గర ఉన్నది ఒక్క జీపు, ఒక్క ఆక్సిజన్ సిలిండరు. మిగతావాళ్లని అవి లేకుండా అంత ఎత్తులో వదలకూడదు. అందర్నీ భోజనాల గుడారంలో కూర్చోబెట్టి అడిగింది. అదే రోజు పొద్దున్న, చిరుత కొట్టిన జంతువు ఒకటి లోయలో కనబడిందని కబురొచ్చింది. మర్నాడు తప్పకుండా తినడానికి వస్తుందట. అక్కడికి వెళ్లాలంటే జీపు కావాలి.

కెమెరా ఆయన లేచాడు. "ఒక్క రోజు ఆగలేరా? పదకొండేళ్లండీ!" అన్నాడు.

లెక్చరరమ్మ కళ్లజోడు తీసింది. "అయ్యా, మీది పిల్లి. ఆయనది పిల్లాడు."

ఎవరూ నవ్వలేదు. ఆయన గుడారం బయటికి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను. ఐదు నిమిషాలకి తన సొంతానికి తెచ్చుకున్న చిన్న ఆక్సిజన్ డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టి, వెళ్లి కూర్చున్నాడు.

తెల్లవారగానే కనుమ దారి గేటు దగ్గరికి వెళ్లాం, నేనూ పిట్టమ్మా డ్రైవరూ. అధికారి కుర్రాడే, మర్యాదస్తుడే. "రోగి అంటున్నారు, కాగితం చూపించండి" అన్నాడు. ఇంట్లో ఉందన్నాను. "అవతలి గేటుకి వైర్‌లెస్ ఉంది కదా, బస్సు ఆపించండి" అంటే, మంచుకి అది పలకడం లేదన్నాడు. కనుమ మీద గుడిసెలో ఇంకొకటి ఉందట, దానికి రెండువైపులా అందుతుందట. మంచు తీసే యంత్రం అప్పుడే బయల్దేరుతోంది. దాన్ని నడిపేవాడు పైనుంచి అంతా వింటున్నాడు. "నేను ఎలాగూ పైదాకా పోవాలి కద సార్. నా వెనకాల రమ్మనండి, ఏమన్నా ఐతే నా పేరు రాస్కోండి" అన్నాడు. అధికారి వేరే వైపు తిరిగి టోపీ సర్దుకున్నాడు. గేటు లేచింది.

నాలుగు గంటలు పట్టింది అమ్మా. ఆ యంత్రం కన్నా నేను నడిచి వెళ్లినా ముందుండేవాణ్ణి అనిపించింది. ఒక చోట జీపు పక్కకి జారితే పిట్టమ్మ దిగి చేతులతో మంచు తోడింది. నేను కూడా దిగబోతే అరిచింది, "మీరు కదిలితే మీకే సిలిండరు పెట్టాల్సి వస్తుంది, కూర్చోండి!"

కనుమ మీదికి చేరేసరికి బస్సు వచ్చి ఉంది. గుడిసె ముందు జనం మూగి ఉన్నారు. వాణ్ణి బస్సు మెట్టు మీద కూర్చోబెట్టి ఎవరో వీపు రాస్తున్నారు. పెదాలు నల్లబడ్డాయి. ఛాతీలో గురగుర వినబడుతోంది. కళ్లెత్తి నన్ను చూశాడు.

"నాన్నా, మంచం మీద ఉన్నావన్నారు" అన్నాడు.

"నాకేం కాలేదురా. నువ్వెందుకొచ్చావు? నీకు తెలుసు కదరా!"

"నువ్వొక్కడివే ఉన్నావన్నారు" అన్నాడు.

ఆక్సిజన్ పెట్టాం. బస్సు డ్రైవరు తొందరపడుతున్నాడు. "ఎక్కించండి, ముందుకెళితే గంటలో పీఠభూమి మీది క్యాంపు వస్తుంది, డాక్టరున్నాడు." జనమంతా అదే మాట. క్యాంపు దగ్గర, ఊరు దూరం. ఎవరైనా అదే అంటారు. నేను కాదన్నాను. క్యాంపు ఇక్కడికన్నా నాలుగొందల మీటర్లే కింద, అక్కడా ఇదే గాలి, దాని నుంచి ఇంకెటు పోవడానికీ దారి లేదు. వెనక్కి దిగితే రెండున్నర గంటల్లో రెండువేల ఎనిమిదొందల మీటర్లు దిగుతాం. వీడికి కావలసింది డాక్టరు కన్నా ముందు గాలి.

గుడిసెలో ఉన్న పెద్ద అధికారి నన్ను ఎగాదిగా చూశాడు. "కింది నుంచి లారీలు ఎక్కుతున్నాయి. మీకోసం దారంతా ఆపమంటారు. ఇంతకీ మీరెవరు ఇది చెప్పడానికి?"

"ముప్పై నాలుగేళ్లు రోడ్ల ఎత్తులు కొలిచినవాణ్ణి. ఈ రోడ్డు కాదు, అయినా కొండ ఎక్కడైనా కొండే. వాడు నా కొడుకు. ముందుకు పంపిస్తే సాయంత్రానికి వాణ్ణి నేను గుడ్డ కప్పి తీసుకెళ్లాలి."

ఆయన నా మొహంలోకి చూశాడు, వాడి పెదాల వంక చూశాడు. వైర్‌లెస్ చేతిలోకి తీసుకుని కింది గేటు మూయించాడు. అప్పటికే ఎక్కుతున్న పదకొండు లారీల్ని వెడల్పున్న చోట్ల పక్కకి తీయించాడు. మేం దిగుతుంటే ఆ లారీల డ్రైవర్లు కిందికి దిగి నిలబడి ఉన్నారు. ఒక్కడూ హారన్ కొట్టలేదు.

సగం దారిలో పెద్ద సిలిండరు అయిపోయింది. మిగిలిన దారి కెమెరా ఆయన డబ్బాతో వచ్చాం. ఇంకో నాలుగు మలుపులు ఉన్నాయనగా వాడు కళ్లు తెరిచి, "వాంతి వస్తోంది" అన్నాడు. ఆ మాట వింటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

డాక్టరు మూడు వారాలు కదలకూడదన్నాడు. ఇక నన్ను తిట్టు.

మామయ్య


సెప్టెంబరు 19

మామయ్యగారికి,

మిమ్మల్ని తిట్టాలని కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టాను కూడా. అవి పంపడం లేదు.

టెలిగ్రాం వచ్చేదాకా ఒక రోజంతా నేను ఏం చేశానో నాకు తెలియదు. డ్యూటీకి వెళ్లానట. మా హెడ్‌నర్సు చెప్పింది, కత్తెరలు అడిగితే సరిగ్గానే అందించానట.

మీరిద్దరూ నన్ను ఏమనుకున్నారు? గుండె బలహీనమైన మనిషిని చూసి విసుక్కునేదాన్ననుకున్నారా? కోపం ఎంత ఉందంటే, బయల్దేరేముందు ఆయన నా తల మీద చెయ్యి వేశారు చూడండి, అది గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒక గిన్నె ఎత్తి పడేస్తున్నాను. వెళుతున్నానని చెప్పడానికి వేశారు ఆ చెయ్యి. నేను తలుపు గడియ పెట్టుకుని, హమ్మయ్య అనుకున్నాను.

కానీ నిజం కూడా రాయాలి. పద్నాలుగేళ్లుగా ఎవరెవరి ఆయాసమో దూరం నుంచి చూసి గుర్తుపట్టినదాన్ని. పక్కనే పడుకునే మనిషి స్టూలు మీద కూలబడుతుంటే పొట్ట తగ్గించమన్నాను. మీరు దాచారు, ఆయన దాచారు, సరే. నా కళ్లెదురుగా ఉన్నది నేనెందుకు చూడలేదు? దీనికి మీరు జవాబు రాయకండి. ఓదార్చకండి. నన్ను కొన్నాళ్లు దీంతో ఉండనివ్వండి.

సెలవు దొరికింది. దొరికింది అంటే, ఇవ్వకపోతే ఉద్యోగం మానేస్తానన్నాను. శుక్రవారం బయల్దేరుతున్నాను, ఐదు రోజులు ఉంటాను. కింద వాటావాళ్లతో మాట్లాడాను. వాళ్లు పైకి మారడానికి ఒప్పుకున్నారు, వాళ్లమ్మాయి చదువుకి పైన వెలుతురు బాగుంటుందట. మీరిద్దరూ ఇంటికి వచ్చేలోగా సామాను దించేస్తాను. ఇకనుంచి ఈ ఇంట్లో కాగితాలు దాచడం లేదు. ఎవరి కాగితమైనా సరే, భోజనాల బల్ల మీద ఉండాలి. మీవి కూడా.

ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించండి. తిట్లున్న చోట కూడా మానకండి.

మీ కోడలు


అక్టోబరు 4

అమ్మాయ్,

నువ్వు బస్సెక్కి వారమైంది. నువ్వున్న ఐదు రోజులూ మంచి పిల్లాడిలా మాత్రలు మింగాడు. నువ్వు వెళ్లిన సాయంత్రమే నాతో పోట్లాట మొదలెట్టాడు. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక లిఫ్టు గదులు ఎక్కే పని లేదు, ఆఫీసులో కూర్చుని ఫిర్యాదులు రాసుకోవాలట. "ఇరవై ఏళ్లు లిఫ్టులు నడిపించి, ఆఖరికి టెలిఫోన్ ఆపరేటర్నా?" అని ఒక పూట అన్నం మానేశాడు. రెండో పూట ఆకలేసింది.

మొక్కల లెక్చరరమ్మ రాసింది. మేం దిగి వచ్చిన మూడో రోజు చిరుత కనబడిందట. ఎదురు రాయి మీద నలభై నిమిషాలు కూర్చుని ఒళ్లు నాక్కుందట. కెమెరా చలికి బిగుసుకుపోయి పలకలేదట. ఐదుగురిలో నేనొక్కణ్ణే లేను గానీ మిగతా అందరూ చూశారు, ఒక్క ఫొటో లేదు. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వాడని రాసింది. పిట్టమ్మకి పై ఆఫీసు నుంచి మాట పడింది, గుంపుని జీపు లేకుండా వదిలిందని. మేం ఐదుగురం సంతకాలు పెట్టి ఉత్తరం పంపాం. వాడు ఆరో సంతకం చేశాడు.

నిన్న వాడు అన్నాడు, "ఐదు రోజుల్లో ఒక్కసారి కూడా నా నాడి చూడలేదు నాన్నా తను" అని. మొహం వెలిగిపోతోంది. నువ్వు చూశావు. వాడు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా, గడియారం వంక కూడా చూడకుండా, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి కూర్చునేదానివి. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇక ఏదీ దాచొద్దన్నావు గానీ, ఈ ఒక్కటి వాడికి చెప్పలేదు.

మొన్న మంచం నుంచి వరండా చివరిదాకా నడిచాడు. ఆగకుండా వెళ్లాడు, ఆగి వచ్చాడు. డాక్టరు మూడు నెలలు మందులు వాడి చూద్దాం, తర్వాత ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం అన్నాడు. ప్రయాణానికి ఒప్పుకున్నాడు.

పన్నెండో తేదీ పొద్దున్న ఎనిమిదింటి రైల్లో దిగుతాం. మన స్టేషన్లో ప్లాట్‌ఫాం పొడుగు నీకు తెలుసు. చక్రాల కుర్చీ తేవద్దని, తెస్తే రైలే దిగనని నీకు గట్టిగా రాయమన్నాడు. రాశాను.

నువ్వు తీసుకురా. కూర్చోబెట్టే పూచీ నాది.

మామయ్య